పదకొండు ఖాళీ ఇండ్లు

రాయమల్లు దగ్గర మూడు భాషలుండేవి. ఇంట్లోకీ కోపానికీ తెలుగు. బాయి లోపల హిందీ. కాగితం పట్టుకున్న మనిషి ఎదురైతే మరాఠీ. ఈ మూడోదే అతని కొంప ముంచింది. అతనిదొక్కటే అయితే ఆ ఏడుపేదో ఇంట్లోనే ఏడ్చుకునేవాడు. గల్లీలో ఇంకో పది కొంపలు కూడా ముంచింది. అలాగని తప్పు మరాఠీది అనకండి, ముసలి రాయమల్లుది అసలే అనకండి. అంటే నాకు ఒళ్లు మండుతుంది.

బాయి అంటే బొగ్గుబాయి. కరీంనగర్ పక్క పల్లె నుంచి మేనమామ వెంట వచ్చి చంద్రపూర్‌లో రైలు దిగేనాటికి రాయమల్లుకు ఇరవై ఏళ్లు. లాల్‌పేట్ దాటి ఇంకొంచెం పోతే సోన్‌టెక్డి బాయి. అక్కడ ముప్పై ఏడేళ్లు టింబర్‌మ్యాన్‌గా పనిచేశాడు. బొగ్గు తవ్వేవాళ్ల నెత్తిన బండ పడకుండా చూసే పని అది. ప్రతి షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, ఇనుప రాడ్డుతో పైకప్పును తట్టుకుంటూ నడవాలి. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైన బండ డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట దుంగ నిలబెట్టాలి. చదివింది రెండో తరగతే అయినా, అతను “ఆగుండ్రి” అన్నాడంటే మేనేజరైనా సరే ఆగాల్సిందే.

ఆ చెవికి విలువంతా బాయి లోపలే. ఎనభై అయిదులో బాయి పెద్దలకు ఇంకో ఆశ పుట్టింది. పైనున్న నేలను మోయడానికి అప్పటిదాకా ముట్టుకోకుండా వదిలేసిన బొగ్గు స్తంభాలను కూడా తీసేయమన్నారు. తీసిన జాగాలో నది ఇసుక నింపుతామన్నారు. నాలుగు నెలలు ఇసుక వచ్చింది, తర్వాత రావడం మానేసింది. స్తంభాలు తీయడం మాత్రం మానలేదు. రాయమల్లు ఒకసారి అడిగాడు. పైనుంచి ఆర్డర్ అన్నారు. రెండోసారి అడగలేదు. ఆ అడగనిదానికి తర్వాత తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో భార్య బాలమ్మకు తెలుసు.

కింద పనిచేసేవాడికి తన నెత్తి మీద ఎవరి పొలముందో, ఎవరి పొయ్యి ఉందో ఎట్లా తెలుస్తుంది? మ్యాపు ఉన్నది ఆఫీసు బీరువాలో. తాను స్తంభాలు పీకింది తన గల్లీ కిందనేనని అతనికి పన్నెండేళ్ల తర్వాత తెలిసింది. తెలిపింది ఏ ఆఫీసరూ కాదు, బాలమ్మ బియ్యం కడిగి పారబోసిన నీళ్లు.

అది తొంభై ఏడు ఎండాకాలం. అప్పటికి బాయి మూతపడి, రాయమల్లు రిటైరై మూడేళ్లు. దేశం తలుపులు తెరుచుకున్నాయని పేపర్లు ఒకటే ఊదరగొడుతున్న రోజులు. చంద్రపూర్‌లో మూలమూలకు ఎస్టీడీ బూతు వెలిసింది. బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసుకు అద్దాల తలుపులు, చల్లగాలి మిషన్లు వచ్చాయి. ఒకరోజు బాలమ్మ వాకిట్లో నిలబడి మొగుణ్ని పిలిచింది.

“ఏమయ్యా, గిటు చూడు. ఎన్నడు మోరీలకు పోయే నీళ్లు గియ్యాల ఇంట్లకు వస్తున్నయేంది?”

రాయమల్లు చూశాడు. మాట్లాడకుండా రోకలి తెచ్చి, వంటింటి గచ్చు మీద దాని పొన్నుతో ఒక్కో చోటే తట్టుకుంటూ పోయాడు. గుమ్మం దగ్గర ఖంగుమంది. పొయ్యి దగ్గరికొచ్చేసరికి డొల్ల. ఆ మధ్యాహ్నం గల్లీలో ఇల్లిల్లూ తిరిగి తట్టి చూశాడు. పక్కింటి రామకిషన్ వాళ్లది డొల్ల. ఆ పక్కది డొల్ల. పదకొండిళ్లూ డొల్లే. ముప్పై ఏడేళ్లు ఊళ్లోవాళ్ల నెత్తులు కాపాడిన మనిషి తన పొయ్యి కింద నేల తీసి పైకి పంపించాడు. ఇక ఏ వానాకాలంలోనైనా గల్లీకి గల్లీయే లోపలికి పోవచ్చు. ఈ పదకొండిళ్ల మనుషులను అంతకుముందే అక్కడినుంచి బయటపడేయాలి. ఆ రోజు నుంచి అతనికి వేరే ధ్యాస లేదు.

అదృష్టమో ఏమో, కంపెనీ కూడా అప్పుడే మేలుకున్నట్టు కనిపించింది. సోన్‌టెక్డిలో కుంగిపోయే ఇళ్ల జాబితా తయారు చేస్తారట. జాబితాలో పేరున్నవాళ్లకు బల్లార్‌పూర్ రోడ్డు మీద జాగా ఇచ్చి, ఇల్లు కట్టిస్తారట. జూలైలో సర్వేకు మనిషి వస్తున్నాడని తెలియగానే రాయమల్లు గల్లీ మొత్తాన్ని తన అరుగు ముందు కూర్చోబెట్టాడు.

“సారుతోని మంచిగ మరాఠీల మాట్లాడాలె. హిందీల చెప్తే బాయి కూలోళ్లే గదా అని ఇడిసిపెడ్తరు. అందరు ఒక్కటే మాట అనుండ్రి. ఘర్ ఖాలీ జాత్ ఆహే, సాహేబ్. అనుండ్రి ఏదీ.”

అందరూ అన్నారు. బాలమ్మ మాత్రం మూతి తిప్పింది.

“ఖాళీ అంటే ఇంట్ల ఎవ్వరు లేనట్టు గదయ్యా. మనం లేమని మనమే చెప్పుకుంటున్నమా?”

“అది తెలుగుల. మరాఠీల ఖాలీ అంటే కింద. ఇల్లు కిందికి పోతుంది అన్నట్టు. నీకు ఎరుకలేకుంటే ఊకో.”

ఆమె ఊరుకుంది. ఆ రోజు ఊరుకోకుండా పోట్లాడి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

సర్వే మనిషి వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్లగాడు. మరాఠీ ఒక్క ముక్క రాదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. పొద్దున్నే వాన పడి గల్లీ అంతా చిక్కటి బురద. అతను బురదను చూసుకున్నాడు, తన బూట్లను చూసుకున్నాడు, జీపు దిగలేదు. గల్లీ మొదట్లోనే జీపు ఆపించి, ఒడిలో రిజిస్టరు పెట్టుకుని, ఒక్కొక్కరినీ కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. పదకొండిళ్ల వాళ్లూ ఒకరి వెనక ఒకరు వానలో నిలబడి, నేర్చుకున్న పాఠం వినయంగా అప్పజెప్పారు. ఘర్ ఖాలీ. ఘర్ ఖాలీ. అతను ప్రతిసారీ తలూపి రాసుకున్నాడు. పావుగంటలో పని ముగించుకుని వెళ్లిపోయాడు. సారు ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయలేదని రాయమల్లు పొంగిపోయాడు కూడాను.

దసరా ముందు జాబితా అంటించారు. అరవై నాలుగిళ్లు. పక్క గల్లీ ఉంది, వెనక గల్లీ ఉంది. వీళ్ల గల్లీ లేదు.

అప్పుడు మొదలైంది తిరుగుడు. వారానికి రెండుసార్లు రాయమల్లు ఏరియా ఆఫీసుకు పోయేవాడు. అద్దాల తలుపు ముందు చెప్పులు విడవమనేవారు. విడిచేవాడు. సాబు మీటింగులో ఉన్నాడు. సాబు నాగపూర్ పోయాడు. సాబు భోజనానికి పోయాడు, ఇక ఈ పూట రాడు. ఒక్కసారి దొరికిన సాబు తల ఎత్తకుండా, రికార్డు ప్రకారం మీ గల్లీలో ప్రమాదమేమీ లేదు అన్నాడు. నేను ఆ బాయిలో టింబర్‌మ్యాన్‌ను సాబ్, చెవితో విన్నాను అని చెప్పబోతే, కంప్యూటర్ తప్పు చెప్పదు అన్నాడు. కంప్యూటర్ సోన్‌టెక్డికి ఎన్నడొచ్చింది, ఏ గచ్చు తట్టి చూసింది? అడిగినా ఆ చల్లటి గదిలో వినేవాడెవడు.

అప్పుడతనికి దేవన్న గుర్తొచ్చాడు. దేవన్న మన తెలుగువాడే, అదే బాయిలో బొగ్గు ఎత్తినవాడే. యూనియన్ ఎన్నికల్లో అతని కోసం రాయమల్లు ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగాడు, గెలిచిన రోజు ఊరేగింపు ముందు డప్పు కొట్టాడు. ఆ పుణ్యమా అని దేవన్న పెద్ద నాయకుడై ఇప్పుడు నాగపూర్‌లో ఉంటున్నాడు. నెలకోసారి తెల్లకారులో వచ్చిపోతాడు. రాయమల్లు కారుకు అడ్డం పోయి సంగతి చెప్పుకుంటే, దేవన్న అద్దం సగం దించాడు.

“చూస్తనే మామా, నాకిడిసిపెట్టు.”

అద్దం పైకి పోయింది. నెల పోయింది, రెండు నెలలు పోయాయి. నాయకుడికి విడిచిపెడితే అంతే, విడిచిపెట్టినట్టే. తర్వాత మూడుసార్లు ఎదురుపడ్డా దేవన్న ముఖం చాటేశాడు.

అసలు సంగతి బయటపెట్టింది విద్య. ఆఫీసులో కొత్తగా చేరిన కంప్యూటర్ పిల్ల. రాజురా దిక్కు తెలుగు రైతుల బిడ్డ, చదివిందంతా మరాఠీలో. తెలుగు చదవలేదు గానీ ఇంట్లో మాట్లాడుతుంది. ఏడు నెలలుగా గోడకానుకుని నిలబడే ముసలాయనను చూసీ చూసీ, ఒకరోజు సాబు లేనప్పుడు తెర మీద వాళ్ల గల్లీ తీసి చూసింది. పక్కనే సర్వే రిజిస్టరు కూడా తెరిచింది.

“తాతా, మీ పదకొండిండ్లకు ఒక్కటే రాసి ఉంది. మకాన్ ఖాలీ. మీరు ఏం చెప్పిండ్రు ఆయనకు?”

“ఘర్ ఖాలీ జాత్ ఆహే అని చెప్పినం బిడ్డా.”

విద్య రిజిస్టరు అతనివైపు తిప్పి ఆ మాట మీద వేలు పెట్టింది.

“ఆయనది హిందీ తాతా. హిందీల ఖాలీ అంటే ఎవ్వరు ఉంటలేరని. మీరు కుంగుతుందని చెప్పిండ్రు, ఆయన పాడువడ్డ ఇండ్లు అని రాసుకున్నడు. మనుషులు లేని ఇంటికి జాగా ఎందుకిస్తరు?”

బాలమ్మ తిప్పిన మూతి రాయమల్లు కళ్ల ముందు ఆడింది. ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది, గల్లీకి ఆ మాట నేర్పింది తానే కదా. ఆ సిగ్గు వెనకే కోపం వచ్చింది. తనెదురుగా వానలో నలభై మంది వరసగా నిలబడి ఉంటే, ఆ మనుషుల నోటి నుంచే విని, ఇక్కడ మనుషుల్లేరని రాసుకోవడానికి ఎంత గుడ్డితనం కావాలి? పది అడుగులు నడిచి ఒక్క పొయ్యి చూసి ఉంటే చాలు కదా. తాను పనిచేసిన రోజుల్లో పదకొండు చోట్ల తట్టకుండా “బాగుంది” అని ఉంటే ఎన్ని పీనుగులు లేచేవి? తనకైతే జైలు. ఆ పిల్లగాడికి మాత్రం ఇప్పటికే ప్రమోషన్ వచ్చి వేరే ఊరికి పోయాడట.

విద్యే దరఖాస్తు రాసిపెట్టింది, ఈసారి అచ్చమైన హిందీలో. సాబు చదివాడు.

“ఖాళీ అని మీరే చెప్పారు కదా,” అన్నాడు నవ్వుతూ. “సర్వే ముగిసిపోయింది. మళ్లీ సర్వే ఎప్పుడైనా వస్తే చూద్దాం.”

రాయమల్లు ఇంటికొచ్చి సంగతి చెప్పి, గల్లీ వాళ్లందరి ముందూ నన్ను తిట్టుండ్రి అన్నాడు. ఎవరూ తిట్టలేదు. రామకిషన్ బీడీ వెలిగించి చేతికిచ్చాడు.

తొంభై ఎనిమిది జూన్ వచ్చింది. కంపెనీ కొత్త కంప్యూటర్ సెంటర్ తెరవడానికి మంత్రి వస్తున్నాడన్నారు. వారం రోజుల్లో ఆయన దిగబోయే కంపెనీ గెస్ట్‌హౌస్‌కు రంగులు పడ్డాయి, గేటు నుంచి మెట్ల దాకా ఎర్ర మొరం పరుచుకుంది. మంత్రిగారి కాలికి బురద అంటకూడదట. సోన్‌టెక్డి గల్లీలో ఏడాది కింద రెండు గంపల మొరం పోసి ఉంటే ఆ జీపులోని బూటు కిందికి దిగేదేమో, ఎవరికి పట్టింది?

మంత్రి వచ్చే రోజు పొద్దున రామకిషన్ ఇంటి ముందున్న బోరింగు జానెడు కిందికి దిగింది. రాయమల్లు వంటింటి గోడ చీలి, అవతలి వెలుతురు లోపలికొచ్చింది. అతను గోడను ఒక్కసారి తట్టి, బయటికొచ్చి గల్లీ మధ్యలో నిలబడ్డాడు.

“సదురుండ్రి. చాపలు, పొయ్యిలు, పిల్లలు, మేకలు. ఒక్క పానం గూడ లోపల ఉండొద్దు.”

“ఏడికి పోదామన్నా?” అడిగాడు రామకిషన్.

“మనం ఇండ్లల్ల ఉంటలేమని కంపెనీ రాసుకున్నది గదా. మరి ఏడున్నమో కంపెనీకే చూపెడ్దాం.”

నలభై మందికి పైగా జనం, తొమ్మిది మేకలతో సహా, ఆ ఎర్ర మొరం తొక్కుకుంటూ గెస్ట్‌హౌస్ వరండాలోకి నడిచారు. కావలి కాసే అంజన్నకు రాయమల్లు తెలుసు. ఆపుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు గానీ గేటు తీసే ఉంచాడు. చాపలు పరుచుకున్నాయి. కొత్త రంగు వేసిన గోడ పక్కన బాలమ్మ స్టవ్వు వెలిగించి చాయ్ పెట్టింది.

పన్నెండింటికి తెల్లకారు వచ్చింది. ఈసారి దేవన్న దిగాల్సి వచ్చింది.

“మామా, ఏందిది? మంత్రి ముంగట నా ఇజ్జత్ తీస్తవా?”

“నీ ఇజ్జత్ యాడికెళ్లి వచ్చింది దేవన్నా? గా పదకొండిండ్ల ఓట్లు యాదికున్నయా?”

“ఎందుకు లేవు.”

“గవి ఖాళీ ఇండ్లట. మరి నీకు ఓట్లేసినోళ్లు ఎవలు, దయ్యాలా?”

తప్పదని దేవన్న ఫోన్ చేస్తే మూడింటికి పెద్ద సాబే వచ్చాడు, వెనకే రిజిస్టరు పట్టుకుని విద్య వచ్చింది. పోలీసులను పిలిస్తే మంత్రి వచ్చే వేళకు గొడవ అవుతుంది, పేపరువాళ్లుంటారు, అది సాబుకూ తెలుసు. మీ పేర్లు జాబితాలో రాస్తాం, ఇంటికి పోండి అన్నాడు సాబు. రాసినంకనే లేస్తం అన్నాడు రాయమల్లు. సాబు పళ్లు బిగించి రిజిస్టరు తీసుకుని, మెట్ల మీద నిలబడే రాయడం మొదలుపెట్టాడు. మొదటి పేరు రాయమల్లుది, రెండోది రామకిషన్‌ది. బాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇన్ని నెలలుగా ఆఫీసులు పట్టుకు తిరిగినదంతా ఆ కలం కింద నెరవేరుతోంది. నాలుగో పేరు పూర్తయింది.

అప్పుడు గేటు దగ్గర రామకిషన్ కనిపించాడు. మధ్యలో తప్పించుకుపోయిన మేకను వెతుకుతూ గల్లీకి పోయినవాడు, ఒళ్లంతా దుమ్ముతో వచ్చాడు. మెట్ల దాకా వచ్చి చతికిలబడ్డాడు.

“అన్నా, నీ ఇల్లు పోయింది. నాది గూడ. మనయి కలిపి ముంగటి నాలుగిండ్లు పోయినయి. నేను చూస్తుండంగనే నేల నోరు తెరిచినట్టయింది. రేకులు గూడ కనవడ్తలేవు.”

బాలమ్మ లేచి, వరండాలో ఉన్న పిల్లల తలలు చేత్తో తాకుతూ లెక్కబెట్టుకుంది. అందరూ ఉన్నారు. మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టింది. రాయమల్లు వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు. పొద్దున బయల్దేరకపోయి ఉంటే ఈ వేళకు ఆడవాళ్లంతా ఇళ్లలోనే ఉండేవాళ్లు.

సాబు హిందీలో దేవన్నను అడిగాడు, ఎవరైనా చచ్చిపోయారా అని. లేదన్నాడు దేవన్న. సాబు గుండెల నిండా గాలి పీల్చుకుని వాచీ చూసుకున్నాడు. తర్వాత రిజిస్టరు దగ్గరికి తీసుకుని, అప్పుడే రాసిన నాలుగు పేర్ల మీదా అడ్డంగా గీత కొట్టాడు.

విద్య ముందుకొచ్చింది. “సర్, ఎందుకు కొట్టేశారు?”

“ఇది కూలబోయే ఇళ్ల జాబితా,” అన్నాడు సాబు. “కూలిపోయినవి ఇందులోకి రావు. అది తహసీల్దారు చూసుకోవాలి, అక్కడ దరఖాస్తు పెట్టుకోమను. మిగిలిన ఏడూ రాస్తాను, పేర్లు చెప్పండి త్వరగా.”

అన్నీ విన్న దేవన్న, ఆ మాటను తెలుగులో చెప్పడానికి రాయమల్లు ముఖం చూడలేక నేల చూశాడు. చెప్పాల్సిన పని లేదు. బాయి లోపల నేర్చిన హిందీ రాయమల్లుకు సరిపోయింది. ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ అందులో మనుషుల్లేరన్నారు. మనుషులు ఎదురుగా నిలబడితే ఇప్పుడు ఇల్లు లేదంటున్నారు. ఇంత నేల కిందికి పోయినా ఆ కలం పట్టిన చెయ్యి వణకలేదే అని అతను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తన చేతులతో ఆ గొంతు పిసకాలనిపించింది. నిజంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

పిసకలేదు. వంగి తన చాప చుట్టుకున్నాడు. పోతున్నాడనుకుని సాబు పక్కకు జరిగాడు. రాయమల్లు అతన్ని దాటుకుని, మంత్రిగారి కోసం తెరిచి ఉంచిన పెద్ద గదిలోకి పోయాడు. చల్లగాలి మిషను నడుస్తోంది, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. మంచాన్ని కాలితో గోడ పక్కకు నెట్టి, గది నడిమధ్య చాప పరిచి కూర్చున్నాడు.

“బాలవ్వా, పొయ్యి లోపటికి తే. ఇండ్లు పోయినోళ్లందరు లోపటికి రాండ్రి.”

బాలమ్మ స్టవ్వు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక మూడిళ్ల వాళ్లు వచ్చారు, రామకిషన్ మేకను కూడా లాక్కొచ్చాడు. బయట మంత్రిగారి కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. సాబు గుమ్మంలో నిలబడి ఏదో అరుస్తున్నాడు. రాయమల్లు అతని వైపు చూడనైనా చూడలేదు.

“దేవన్నా,” అన్నాడు, “నీ సాబుకు చెప్పు. ఇగ మా ఇల్లు ఇదే. జాబితాల రాసుకొమ్మను. ఇంటి నంబరు గూడ ఆయన్నే ఎయ్యమను.”